థియేటర్లో నన్ను బాగా నిరాశపరిచిన సూపర్‌హీరో సినిమా

థియేటర్లో చూసి నిరాశపడిన సూపర్‌హీరో సినిమా ఏది, ఆ నిరాశకు అసలు కారణం ఏమిటి అని అడిగారు. నా సమాధానం 2017 నవంబరులో విడుదలైన 'జస్టిస్ లీగ్'. గ్రాఫిక్స్ నాసిరకంగా ఉన్నాయని చాలామంది అంటారు గాని, నా దృష్టిలో అది చిన్న లోపం. ఆరుగురు వీరులనూ, వారిలో ముగ్గురి పరిచయాన్నీ, ఒక కొత్త ప్రతినాయకుణ్ణీ రెండు గంటల్లో ఇరికించబోయి, ఏ పాత్రకూ బరువు లేకుండా చేయడమే అసలు లోపం.

అప్పట్లో నేను బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉండేవాణ్ణి. ఆఫీసులో మా టీములో తెలుగువాళ్లమే ఎక్కువ కావడంతో, పెద్ద సినిమా ఏది వచ్చినా, అది తెలుగుదైనా ఇంగ్లిషుదైనా, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌కు ఓర్చుకుని శుక్రవారం సాయంత్రానికల్లా మల్టీప్లెక్సుకు చేరుకోవడం మాకు అలవాటు. అదే ఏడాది జూన్‌లో వచ్చిన 'వండర్ వుమన్' మా అందరికీ నచ్చింది. పైగా అంతకుముందు ఏడాది వచ్చిన 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్' చిత్రం చివర సూపర్‌మ్యాన్ మరణించాడు కనుక, అతడు తిరిగి లేచే ఘట్టం ఎలా తీశారో చూడాలనే మేము వెళ్లాం. తెలుగు ప్రేక్షకుడికి హీరో ఎంట్రీ అంటే ఎంత పిచ్చో మీకు తెలియనిది కాదు.

మొదటి దృశ్యంలోనే అనుమానం మొదలైంది. ఇద్దరు పిల్లలు సెల్‌ఫోన్‌లో సూపర్‌మ్యాన్‌ను చిత్రీకరిస్తూ ప్రశ్నలు అడుగుతుంటారు. జవాబిస్తున్న హెన్రీ కావిల్ పైపెదవి మైనపు ముద్దలా కదులుతూ ఉంటుంది. దర్శకుడు జాక్ స్నైడర్ కుమార్తె మరణంతో ఆ ఏడాది చిత్రం నుంచి తప్పుకోగా, మిగిలిన పనిని జాస్ వీడన్ చేపట్టి చాలా భాగాలను కొత్తగా చిత్రీకరించారు. ఆ సమయానికి కావిల్ 'మిషన్ ఇంపాజిబుల్: ఫాలౌట్' కోసం మీసం పెంచి ఉన్నారు, దాన్ని తీయడానికి ఆ చిత్ర నిర్మాతలు ఒప్పుకోకపోవడంతో కంప్యూటర్‌లో చెరిపివేయవలసి వచ్చింది. ఈ సంగతి తెలిశాక సినిమా మధ్యలో ఏ దృశ్యం తర్వాత తీసినదో పెదవిని చూసి కనిపెట్టడం ఒక ఆటగా మారిపోతుంది, అది ఏ సినిమాకైనా మంచిది కాదు.

అలాగని మొత్తం చెత్త అనను. బతికి లేచిన సూపర్‌మ్యాన్ మతి కుదరక మిగిలిన వీరుల మీదికి వచ్చినప్పుడు, వారిలో వేగమే బలంగా గల ఫ్లాష్ అతడి పక్కనుంచి మెరుపులా పరుగెత్తుతాడు. లోకమంతా స్తంభించినట్టుండగా సూపర్‌మ్యాన్ కనుపాప మాత్రం మెల్లగా ఫ్లాష్ వైపు తిరుగుతుంది. మా హాల్లో ఆ సాయంత్రం ఈలలు పడింది ఆ ఒక్క చోటనే. మాటా లేదు, దెబ్బా లేదు, బలమంతా ఒక్క చూపులో తెలిసింది. అటువంటి క్షణాలు మరి రెండు మూడు ఉన్నా నేను ఈ జవాబు రాసేవాణ్ణి కాను.

ప్రతినాయకుడి సంగతి మరీ అన్యాయం. స్టెపెన్‌వుల్ఫ్ అపారశక్తి ఉన్న మూడు పెట్టెల కోసం వస్తాడు, వాటిని కలిపి భూమిని నాశనం చేయాలనుకుంటాడు. ఎందుకు అన్నదానికి తగినంత జవాబు తెరమీద దొరకదు. మనం 1977లో వచ్చిన 'దానవీరశూరకర్ణ'ను దాదాపు నాలుగు గంటలు కూర్చుని చూసిన జాతివాళ్లం. అందులో ఎన్టీ రామారావు కృష్ణుడిగా, కర్ణుడిగా కూడా కనిపించినా, జనం ఇప్పటికీ చెప్పుకొనేది దుర్యోధనుడి సంభాషణలనే. అవతలివాడు అంత గట్టివాడైతేనే అతణ్ణి ఎదిరించేవాడి మీద మనకు గౌరవం కలుగుతుంది. నిడివి ఎక్కువైతే ప్రేక్షకుడు లేచిపోతాడన్న భయం ఎంత దండగదో దీన్నిబట్టే తెలుస్తుంది.

2021 మార్చిలో స్నైడర్ ఈ చిత్రానికి తాను అనుకున్న రూపాన్ని నాలుగు గంటల నిడివితో ఓటీటీలో విడుదల చేశాక, థియేటర్లో మాకు ఏమి దక్కలేదో స్పష్టమైంది. అందులో స్టెపెన్‌వుల్ఫ్ తన ప్రభువుకు అప్పుపడి, ఆ అప్పు తీరితే గాని స్వస్థలానికి తిరిగి వెళ్లలేని వాడు. వీరుల్లో ఒకడైన, సగం మనిషి సగం యంత్రమైన సైబోర్గ్ తండ్రి కొడుకు కళ్లెదుటే ప్రాణత్యాగం చేస్తాడు. 2017 రూపంలో ఆ మరణమే లేదు. అందుకే రే ఫిషర్ నటించిన సైబోర్గ్ పాత్ర ఒకచోట మనిషిగా, మరొకచోట కదిలే యంత్రంగా కనిపిస్తుంది. నిజానికి నాలుగు గంటల్లోనూ సాగదీత ఉంది, నెమ్మది కదలికల దృశ్యాలు ఓపికను పరీక్షిస్తాయి. అయినా రెండింటిలో ఒకటే చూడాలంటే దానినే చూడండి. పతాక సన్నివేశంలో అంతా ధ్వంసమైపోయాక ఫ్లాష్ కాలాన్నే వెనక్కి తిప్పేంత వేగంతో పరుగెత్తే దృశ్యం అందులో ఉంది, దాన్ని నేను ఇంట్లో టీవీలో చూడవలసి వచ్చింది. పెద్ద తెర మీద మాకు దక్కిన పతాక సన్నివేశంలో అదే ఫ్లాష్ ఒక కుటుంబాన్ని ట్రక్కుతో సహా నెట్టుకుపోయి, సూపర్‌మ్యాన్ ఏకంగా ఒక అపార్ట్‌మెంటునే ఎత్తుకుపోవడం చూసి తెల్లబోతాడు.