నవలలో స్నేహితుడి ద్రోహం నమ్మేలా ఉండాలంటే ఏం చేయాలి?

విశాఖలోని గాజువాక నేపథ్యంగా నవల రాస్తున్నానని, ప్రాణస్నేహితుడు మోసం చేసే ఘట్టం సినిమా విలన్ వేషంలా తేలిపోతోందని అడిగారు.

చెడ్డవాడు కాబట్టి మోసం చేశాడంటే పాఠకుడికి టెన్షన్ ఏముంటుంది? అతను ఇంకెవరి కోసమో నిలబడబట్టే ఈ ద్రోహం జరగాలి. కర్ణుణ్ణి చూడండి. పాండవులు తన తమ్ముళ్లని కృష్ణుడు చెప్పాక కూడా దుర్యోధనుణ్ణి వదల్లేదు. స్నేహం నిలిచింది, తోడబుట్టినవాళ్లతో యుద్ధమూ తప్పలేదు. రెండూ ఒకే నిర్ణయం.

మీ కథకు చీటీ హామీ బాగా సరిపోతుంది. హీరోకి స్టీల్ ప్లాంట్‌లో పర్మినెంట్ ఉద్యోగం ఇవ్వండి. హామీ సంతకానికి అందరూ వెతికేది అలా నెలనెలా జీతం వచ్చేవాడినే. స్నేహితుడు చీటీ పాడుకుంటాడు. హీరో ఇంట్లో చెప్పకుండా సంతకం పెడతాడు. ఆ డబ్బుతో చెల్లెలి పెళ్లి చేసి, స్నేహితుడు వాయిదాలు ఎగ్గొడతాడు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, హామీదారుడి బాధ్యత అసలు బాకీదారుడితో సమానం. అంటే నోటీసు నేరుగా హీరో ఇంటికే రావచ్చు. దాన్ని భార్య చేతిలో పడనివ్వండి. ఆమె లెక్కలో మొదటి ద్రోహి ఆ స్నేహితుడు కాదు, మొగుడే. (నాకైతే నవల ఇక్కడే మొదలవుతుంది.)

కట్టిన సొమ్మును స్నేహితుడి నుంచి రాబట్టుకునే హక్కు 145వ సెక్షన్ ఇస్తుంది. హీరో కోర్టుకెళ్తే ఆ చెల్లెలి కాపురం ఏమవుతుందో కూడా ఆలోచించి రాయండి.