వెడల్పు టైర్లు వేశాక స్టీరింగ్ ఎందుకు లాగుతుంది?

165/80 ఆర్14 టైర్లు (వెడల్పు మి.మీ.లలో, అందులో పక్కగోడ ఎత్తు శాతం, రిమ్ము వ్యాసం అంగుళాల్లో) తీసి, వెడల్పైన అల్లాయ్ చక్రాలతో 195/60 ఆర్15 వేయించాక కారు గతుకుల్లో స్టీరింగ్‌ను లాగేస్తోందని, అలైన్‌మెంట్ చేయించినా తగ్గలేదని అడిగారు.

రెండు టైర్ల బయటి వ్యాసం దాదాపు సమానమే (సుమారు 620, 615 మి.మీ.) కనుక, నేను ముందుగా అనుమానించేది చక్రం ఆఫ్‌సెట్‌ను, అంటే రిమ్ము మధ్యరేఖకూ, అది హబ్‌కు (చక్రాన్ని బిగించే ఇరుసు భాగానికి) ఆనే తలానికీ మధ్య దూరాన్ని. రిమ్ముపై ‘ఈటీ’ అన్న అక్షరాల పక్కన ఆ అంకె పోతపోసి ఉంటుంది. పాతది 45, కొత్తది 30 అయితే టైరు మధ్యరేఖ 15 మి.మీ. బయటికి జరిగినట్లే. స్టీరింగ్ తిరిగే అక్షాన్ని నేలదాకా పొడిగిస్తే అది తాకే బిందువుకూ, ఆ మధ్యరేఖకూ ఉన్న దూరం ఇలా మారినప్పుడు, ఒక చక్రం గుంతలో పడినా, ఒకవైపు బ్రేకు కాస్త గట్టిగా పట్టినా, ఆ కుదుపు పొడుగు మీటతో తోసినట్లు నేరుగా చేతికి వస్తుంది. పైగా పక్కగోడ పొట్టిగా ఉన్న వెడల్పు టైరు, లారీలు తొక్కి చేసిన గాడి వెంటే పోవాలని చూస్తుంది. దీన్ని అలైన్‌మెంట్ సరిచేయలేదు. స్పేసర్లు (హబ్‌కూ రిమ్ముకూ మధ్య పెట్టే బిళ్లలు) వేస్తే చక్రం ఇంకా బయటికి పోతుంది.

80 కి.మీ. వేగం దాటాక వణుకు వస్తే అది వేరే సంగతి: బ్యాలెన్సింగ్‌ను, రిమ్ము నడిమి రంధ్రం హబ్‌పై వదులుగా ఉందేమోనన్నదాన్ని చూడాలి. లాగుడుకు మాత్రం కంపెనీ ఆఫ్‌సెట్‌కు దగ్గరగా ఉన్న రిమ్ములు మార్చుకోవడమే దారి.