చలికాలానికి మెక్సికన్ వంట అంటే నా జవాబు పొసోలే

చలికాలంలో ఇంట్లో వండుకుని హాయిగా తినదగిన మెక్సికన్ వంటకాలు ఏమిటని మీరు అడిగారు. మొదటి పేరుగా నేను చెప్పేది పొసోలే, అంటే మొక్కజొన్న గింజలు, మాంసం కలిపి వండే సూపు. మా ఆయన ఉద్యోగరీత్యా మేము కొన్నేళ్లు మెక్సికో నగరానికి పశ్చిమాన ఉన్న తొలూకాలో కాపురమున్నాం. మెక్సికో అనగానే ఎడారి, ఎండ, ముళ్లచెట్లు ఊహించుకునేవారు ఆ ఊరి చలిని నమ్మలేరు. సముద్రమట్టానికి 2,600 మీటర్లకు పైన ఉన్న ఊరది. దగ్గర్లోనే 4,680 మీటర్ల నెవాదో దే తొలూకా అనే అగ్నిపర్వతం శీతకాలంలో మంచు కప్పుకుని కనిపిస్తుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నా దాకా, కొన్నిసార్లు అంతకంటే కిందికి కూడా దిగుతుంది. అయినా అక్కడి ఇళ్లలో గదులను వెచ్చబరిచే ఏర్పాటు సాధారణంగా ఉండదు కాబట్టి, ఒంటికి కావలసిన వేడి వంటింటి నుంచే రావాలి.

మెక్సికన్ వంట పేరుతో మన నగరాల్లోని హోటళ్లు వడ్డించేదాన్ని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. చిప్స్ మీద పసుపుపచ్చ చీజ్ కుమ్మరించి, పొట్లంలోని మసాలా పొడిని దండిగా చల్లి, దానికి మెక్సికో పేరు పెడతారు. ఆ చీజ్, ఆ మోతాదులో జీలకర్ర, ఆ పొట్లాలు అమెరికా సరిహద్దు ప్రాంతపు అలవాట్లు. మధ్య మెక్సికో ఇళ్లలో చలికి మందు చీజూ కాదు, మిరప ఘాటూ కాదు. సున్నపు నీటిలో ఉడికి, ఆ తరువాత గంటల తరబడి మాంసపు రసంలో మగ్గిన మొక్కజొన్న అది.

అక్కడ డిసెంబరు 16 నుంచి 24 వరకు పొసాదాలు అనే క్రిస్మస్ వేడుకలు జరుగుతాయి. మరియ, యోసేపు బస కోసం ఇంటింటి తలుపూ తట్టిన ఘట్టాన్ని తలచుకుంటూ జనం కొవ్వొత్తులు పట్టుకుని, వాకిట్లో నిలబడి పాటతో బస అడుగుతారు. లోపలివారు పాటతోనే మొదట కాదని, చివరకు తలుపు తీస్తారు. ఒక ఏడాది మా భవనంలో పొసాదా జరిపే వంతు మా పై అంతస్తులోని పెద్దావిడకు వచ్చింది. ముందురోజు రాత్రి ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచింది. పెద్ద గిన్నెలో కకావసింత్లే అనే రకపు మొక్కజొన్న ఉడుకుతోంది. ఆ తెల్లటి గింజలు మన గింజలకు రెండింతలు ఉంటాయి. సున్నం తగిలి అవి పసుపురంగుకు మారాయి. "మిహా (అమ్మాయీ), ఒక గింజ తీసి వేళ్లతో నలిపి చూడు" అంది. పొట్టు జారిపోయి చేతికి అంటుకుంది. పొయ్యి ఆపి, తెల్లవార్లూ ఆ నీటిలోనే నాననిచ్చింది.

మరునాటి ఉదయం ఆవిడ, ఆవిడ కోడళ్లు, నేను బల్ల చుట్టూ కూర్చున్నాం. గింజలను నీళ్లు మార్చి మార్చి రుద్ది కడిగితే మళ్లీ తెల్లబడ్డాయి. ఆ తరువాత ఒక్కొక్క గింజ మొదట్లో ఉండే గట్టి మొనను గోటితో గిల్లి తీసేయాలి. అన్ని గింజలకూ ఆ పని చేయడం ఎందుకని అడిగితే, "మొన ఉంటే గింజ విచ్చుకోదు తల్లీ, వచ్చినవాళ్లు గట్టి గింజలు నమలాలా?" అంది. మధ్యాహ్నానికల్లా గింజలన్నీ మల్లెమొగ్గల్లా విచ్చుకున్నాయి. రాత్రి పాటలు ముగిసి, చలికి ముక్కులు ఎర్రబడిన పిల్లలు లోపలికి రాగానే, ఎర్రటి రసంలో మాంసం ముక్కలు, మొక్కజొన్న నిండిన మట్టి మూకుళ్లు ఒక్కొక్కరి చేతికి వచ్చాయి. పైన సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీ, ముల్లంగి చక్రాలు, ఉల్లిపాయ, అరచేతిలో నలిపిన ఒరేగానో, నిమ్మరసం. పక్కన తొస్తాదాలు అనే కరకరలాడే మొక్కజొన్న రొట్టెలు. పొగలు కక్కే రసంలో చల్లటి ముల్లంగి పంటికి తగిలినప్పుడు కలిగే తృప్తి మరే సూపులోనూ నాకు దొరకలేదు.

నేను కరీంనగర్ వైపు పుట్టినదాన్ని, మక్క గుడాలు తింటూ పెరిగాను. అందుకే ఆ సున్నం చేసే పని నన్ను అంతగా కట్టిపడేసింది. సున్నం పొట్టును వదులు చేయడమే కాక, మొక్కజొన్నలో బంధించి ఉన్న నయాసిన్ అనే విటమిన్‌ను ఒంటికి పట్టేలా చేస్తుంది. ఐరోపావారు అమెరికా ఖండాల నుంచి మొక్కజొన్నను తీసుకువెళ్లారు కాని ఈ పద్ధతిని తీసుకువెళ్లలేదు. అందువల్లే మొక్కజొన్న ఒక్కటే తిండిగా బతికిన ఉత్తర ఇటలీ పేదలను, నయాసిన్ లోపం వల్ల వచ్చే పెలాగ్రా వ్యాధి పీడించింది. మనకు కూడా గింజ వచ్చింది, మిరప వచ్చింది, సున్నం మాత్రం తాంబూలం దగ్గరే ఆగిపోయింది.

ఇక వండే విధానం. అర కిలో ఎండు తెల్ల మొక్కజొన్నకు రెండు లీటర్ల నీళ్లు, రంగూ సువాసనా కలపని తినే సున్నం ఒక పెద్ద చెంచా సరిపోతాయి. సున్నానికి అల్యూమినియం పనికిరాదు, స్టీలు గిన్నె వాడండి. పొట్టు ఊడేదాకా ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, బాగా కడిగి, ఓపిక ఉన్నంత మేరకు మొనలు తీయండి. తరువాత కొత్త నీళ్లు పోసి, మాంసం, ఉల్లిపాయ, ఒక వెల్లుల్లి గడ్డ వేసి, గింజ విచ్చుకునేవరకు ఉడికించాలి. కుక్కర్‌లో సన్నని మంట మీద సుమారు ముప్పావు గంట పడుతుంది. ఎముకతో ఉన్న పంది మాంసం శ్రేష్ఠం, కోడి కూడా బాగుంటుంది. రసానికి రంగూ రుచీ ఇచ్చేవి గ్వాహీయో, ఆంచో అనే ఎండుమిరపకాయలు. అవి దొరకకపోతే బ్యాడగి మిరప తీసుకోండి, గుంటూరు మిరప మాత్రం వద్దు. ఇక్కడ కావలసినది మంట కాదు, పండు మిరప తీపి. మిరపకాయల్లోని గింజలు తీసేసి, కాయలను మాడకుండా వేయించి, వేడినీటిలో నానబెట్టి, వెల్లుల్లితో రుబ్బి, వడగట్టి, కాస్త నూనెలో మగ్గించి రసంలో కలపాలి. కారప్పొడి వేసి పని ముగించే వీడియోలను దయచేసి అనుసరించకండి. మాంసం తిననివారు పుట్టగొడుగులతో చేసుకోవచ్చు. గెర్రేరో రాష్ట్రంలో గుమ్మడి గింజల ముద్దతో చేసే ఆకుపచ్చ పొసోలే కూడా గొప్పది.

ఇంత శ్రమకు సమయం లేని రోజున సోపా దే ఫిదేయో చేసుకోండి. సేమియాను నూనెలో ఎర్రగా వేయించి, టమాటా, ఉల్లి, వెల్లుల్లి కలిపి రుబ్బిన రసం పోసి, తగినన్ని నీళ్లతో ఉడికిస్తే చాలు, పదిహేను నిమిషాల్లో సిద్ధమవుతుంది. రాత్రిపూట తాగడానికి చంపుర్రాదో ఉంది: సున్నంలో ఉడికిన మొక్కజొన్న పిండి, చాక్లెట్, దాల్చినచెక్క, పిలోన్సియో అనే చెరకు బెల్లం కలిపి చిక్కగా కాచేది. దానికి మన బెల్లం చక్కగా సరిపోతుంది. పొసోలే మిగిలితే మరునాడు వేడిచేసేటప్పుడు నీళ్లు పోయడం మరవకండి, రాత్రంతా మొక్కజొన్న రసాన్ని పీల్చుకుంటుంది. క్యాబేజీ, ముల్లంగి మాత్రం అప్పటికప్పుడు తరిగి వేసుకోండి.