పొలం బేరం పెట్టకముందే చేయాల్సిన పనులు

ప్రశ్న: మాది గుంతకల్లు. మావారికి 38 ఏళ్లు. తాడిపత్రి దగ్గర కర్మాగారంలో సూపర్‌వైజరు, జీతం 32 వేలు. పెద్దపేగులో గడ్డ తీశారు. బయాప్సీలో ‘సిగ్నెట్ రింగ్ సెల్ కార్సినోమా’ అని వచ్చింది. కంపెనీ బీమా మూడు లక్షలూ ఆపరేషన్‌కే అయిపోయాయి. కీమో మొదలుపెట్టాలి. మూడెకరాల మెట్టపొలం అమ్మేయమంటున్నారు బంధువులు. తెలిసినవారు మూడు రూపాయల వడ్డీకి ఐదు లక్షలు ఇస్తామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, పొలం ఇప్పుడే అమ్మవద్దు. ఆ అప్పు అసలే వద్దు. ఐదు లక్షలకు నెలకు 15 వేలు వడ్డీకే పోతుంది. జీతంలో దాదాపు సగం.

ఈ రకం క్యాన్సర్, పెద్దపేగు క్యాన్సర్లలో నూటికి ఒకటి మాత్రమే ఉంటుంది. చిన్న వయసువారిలోనూ వస్తుంది, త్వరగా పాకుతుంది, కడుపులో పేగులను కప్పి ఉండే పొరకు అంటుకునే గుణం ఎక్కువ. అందుకే డబ్బు తొలి నెలల్లోనే ఊడ్చిపెట్టేయకూడదు. వైద్యం ఎంతకాలం సాగుతుందో, ఏ మందులు అవసరమవుతాయో ఇంకా తేలలేదు.

అది తేల్చే పరీక్ష ఒకటుంది. తీసిన గడ్డ ముక్క మీద ఎంఎంఆర్ పరీక్ష (కణాల్లో జన్యు తప్పులను సరిదిద్దే వ్యవస్థ పనిచేస్తోందా అని చూసేది) చేశారా అని డాక్టరును అడగండి. ఖర్చు వేలల్లోనే. అందులో లోపం కనిపిస్తే, అవసరమైనప్పుడు ఇమ్యూనోథెరపీ (క్యాన్సర్‌తో పోరాడేలా ఒంటి రోగనిరోధక శక్తిని పురిగొల్పే మందు) బాగా పనిచేసే అవకాశం ఉంటుంది. దాని ఖరీదు మోతాదుకే లక్షల్లో ఉంటుంది, పొలం గురించి ఆలోచించాల్సి వస్తే అప్పుడు. లోపం లేకపోతే ఆ మందు కోసం ఆస్తి తగలేయనక్కరలేదు. ఎవరు ఎంత ఆశపెట్టినా సరే.

కీమో సంగతి వేరు. వాడే మందులు చాలావరకు జనరిక్‌గా దొరుకుతాయి. మీ ఏడాది ఆదాయం ఐదు లక్షల లోపే కాబట్టి ఎన్టీఆర్ వైద్య సేవకు అర్హత ఉండాలి. ఆ పథకంలో క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి, డాక్టరు రాసిన కీమో ప్యాకేజీలో ఉందో లేదో ముందే అడగండి. సొంత డబ్బుతో మొదలుపెట్టి తర్వాత పథకంలోకి మారదామనుకుంటే ఇబ్బంది పడతారు.

మీవారు ఉద్యోగం మానేస్తానంటున్నారేమో, ఒప్పుకోవద్దు. జీతం లేని సెలవైనా పెట్టించండి. ఉద్యోగం పోతే వచ్చే ఏడాది కొత్తగా రావాల్సిన కంపెనీ బీమా కూడా పోతుంది. ఈ జబ్బు తర్వాత ఆయనకు విడిగా పాలసీ దొరకడం కష్టం. ఎల్ఐసీ ఉంటే ఒక్క ప్రీమియం కూడా తప్పకూడదు. నామినీగా మీ పేరే ఉందో లేదో ఈ వారమే చూడండి. దీని గురించి మాట్లాడటం అపశకునం కాదు.

అయినా చేతికి డబ్బు కావాలంటే ముందు పీఎఫ్‌లో వైద్య అడ్వాన్సు, తర్వాత బ్యాంకులో బంగారం మీద రుణం. బంగారం కుదువ పెట్టినా వడ్డీ బయటి అప్పుతో పోలిస్తే సాధారణంగా మూడో వంతు కంటే మించదు. చికిత్స కోసం రైల్లో వెళ్లేటప్పుడు క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో పూర్తి రాయితీ ఉంది, తోడు వెళ్లేవారికి 75 శాతం. ఆస్పత్రి సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.

ఇంకొక మాట, కష్టమే అయినా. ఎంతవరకు ఖర్చుపెట్టాలో ఆయనతో కూర్చుని, ఆయన మాట వినే నిర్ణయించండి. ఆయనకు తెలియకుండా అప్పు చేయవద్దు. ఎంఎంఆర్‌లో లోపం వస్తే అది వంశపారంపర్యం కావచ్చు కాబట్టి, ఆయన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు జన్యు పరీక్ష, కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల గొట్టంతో చూసే పరీక్ష) అవసరమా అని అదే డాక్టరును అడగండి. వారు ఆరోగ్య బీమా తీసుకునేటప్పుడు కుటుంబంలో ఈ జబ్బు ఉందా అని అడిగితే దాచవద్దని చెప్పండి. దాచిన పాలసీ క్లెయిము నాడు చెల్లకపోవచ్చు.