క్యాజువాలిటీ పోస్టింగ్‌కి వెళ్లేముందు

బుజ్జీ,

వచ్చే వారం నుంచి నీకు క్యాజువాలిటీ పోస్టింగ్ అని మీ అమ్మ చెప్పింది. టెన్షన్‌గా ఉందట. ఉండనీ. మొదటి రోజు టెన్షన్ పడని వాళ్లను చూస్తేనే నాకు భయం.

ఏ, బీ, సీ, డీ, ఈ వరుస నీకు నోటికొచ్చే ఉంటుంది: ముందు గాలి దారి, తర్వాత ఊపిరి, రక్త ప్రసరణ, మెదడు స్థితి, చివరికి బట్టలు తీసి ఒళ్లంతా చూడడం. పరీక్ష కోసం బట్టీ పట్టే ఆ వరుసను గాయాల కేసుల్లో అందరూ ఒకే తీరుగా పాటించడం వెనక ఒక డాక్టరు కష్టం ఉంది. 1976లో అమెరికాలోని నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టరు నడుపుతున్న చిన్న విమానం పొలంలో కూలింది. భార్య చనిపోయింది, పిల్లలకు దెబ్బలు తగిలాయి. ఆ రోజు తమకు అందిన వైద్యం ఆయనకు ఏమాత్రం నచ్చలేదు. దాన్ని మార్చాలన్న పట్టుదలతోనే 1978లో డాక్టర్లకు ఈ వరుస నేర్పే మొదటి శిక్షణ మొదలైంది. కంగారులో డాక్టరుకైనా బుర్ర పనిచేయదు, అప్పుడు చేతులు ఆ వరుసలో నడవాలి. ఒక్క మినహాయింపు: రక్తం చిమ్ముతుంటే ముందు అక్కడ గట్టిగా నొక్కిపట్టాలి, లేదా నొక్కిపట్టే మనిషిని పిలవాలి.

పేషెంట్ రాగానే మానిటర్ వైపు కాదు, మనిషి వైపు చూడు. "మీ పేరేంటి? ఏం జరిగింది?" అని అడుగు. స్పష్టంగా జవాబు చెప్పాడంటే ఆ క్షణానికి గొంతు తెరిచే ఉంది, ఊపిరి ఆడుతోంది, మెదడుకు రక్తం అందుతోంది. గురక వినిపిస్తే నాలుక వెనక్కి జారిందని అర్థం. గరగర అంటే రక్తమో వాంతో అడ్డుపడింది, దాన్ని లాగేసే సక్షన్ గొట్టం అందుకో. ఊపిరి పీల్చేటప్పుడు కీచుమంటే స్వరపేటిక దగ్గర దారి ఇరుకైంది. మంటల్లోంచి వచ్చిన మనిషికి గొంతు బొంగురుపోయినా, ముక్కులో మసి కనిపించినా నడిచొచ్చాడు కదా అని కూర్చోబెట్టకు. లోపల వాపు పెరుగుతూ ఉంటుంది, ఆలస్యమైతే ఊపిరి కోసం గొంతులోంచి వేసే ట్యూబ్ దూరదు. వెంటనే డాక్టరుకు చెప్పు.

అన్నిటికంటే భయపడాల్సింది నిశ్శబ్దానికి. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, రాత్రి డ్యూటీలో తలకు దెబ్బ తగిలిన కుర్రాడొకడు గురక పెడుతున్నాడు. పక్క మంచం మీద కాలు విరిగినాయన కేకలు పెడుతుంటే అందరం ఆయన చుట్టూ చేరాం. కాసేపటికి కుర్రాడి గురక ఆగింది. నిద్ర పట్టింది పాపం అనుకున్నాను. అటుగా వెళ్తున్న సీనియర్ సిస్టర్ ఆగి చూసి, నన్ను పక్కకు నెట్టి అతని దవడ పైకెత్తింది. పొట్ట ఎగిరెగిరి పడుతోంది, ఛాతీ లోపలికి పోతోంది, ముక్కు దగ్గర మాత్రం గాలి లేదు. కుర్రాడు బతికాడు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మెడకు దెబ్బ ఉందేమో అనిపిస్తే తల వెనక్కి వంచకు. తల వైపు నిలబడి, రెండు చేతుల వేళ్లు దవడ మూలల కింద పెట్టి ముందుకు ఎత్తు. దానితో దారి తెరుచుకోకపోతే మాత్రం మెడ కోసం ఊపిరిని వదిలేయకూడదు, కాస్త తల వంచాల్సిందే. నాలుక వెనక్కి జారకుండా నోట్లో పెట్టే ఎయిర్‌వేను నోటి మూల నుంచి దవడ మూల దాకా కొలుచుకో. డోకు వస్తుంటే పెట్టకు, వాంతి చేసుకుంటాడు. కళ్ల చుట్టూ నల్లగా కమిలినా, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటిది కారినా పుర్రె అడుగు భాగం విరిగిందేమో అని అనుమానించాలి. అలాంటివాళ్లకు ముక్కులోంచి ఏదీ వేయకూడదు, పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబ్ కూడా.

మీ బ్యాచ్ అందరికీ ట్యూబ్ వేయడం చూడాలని సరదా ఉంటుంది. నన్నడిగితే మాస్క్ పెట్టి చేత్తో నొక్కుతూ ఊపిరి అందించే అంబూ బ్యాగ్ సరిగ్గా పట్టడం అంతకంటే పెద్ద విద్య. మాస్క్‌ను ముఖం మీదకు అదమడం కాదు, ముఖాన్నే మాస్క్‌లోకి లాగాలి. వేళ్లు దవడ ఎముక మీదే ఉండాలి, కింద మెత్తని భాగాన్ని నొక్కితే నువ్వే దారి మూసినట్టు. ఇద్దరుంటే ఒకరు రెండు చేతులతో మాస్క్ పట్టుకోండి, ఇంకొకరు బ్యాగ్ నొక్కండి. పెద్దవాళ్లకు 6 సెకన్లకు ఒకసారి, ఛాతీ లేచేంత వరకే. కంగారులో చెయ్యి ఆగదు, గబగబా నొక్కేస్తాం. గాలి పొట్టలోకి పోయి వాంతి అవుతుంది. ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, అసలే రక్తం పోయిన మనిషికి అది ఇంకా ప్రమాదం. సిగ్గుపడకుండా పైకే లెక్కపెట్టుకో.

డాక్టరు ట్యూబ్ వేసేటప్పుడు సామాను చేతికందించడం, మెడకు వేసిన కాలర్ ముందు భాగం తీసినప్పుడు తల కదలకుండా ఎవరో ఒకరు పట్టుకున్నారా లేదా చూడడం నీ వంతు. అనుకున్న సైజుతో పాటు అర సైజు చిన్నది కూడా పక్కన పెట్టు. ట్యూబ్ చివర బుడగలా ఉబ్బే కఫ్‌లో గాలి నింపి ముందే చూసుకో. ట్యూబ్ పడ్డాక, వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చూపే గీత తెర మీద కనబడేదాకా పని అయిందనుకోకు. పళ్ల దగ్గర ఎన్ని సెంటీమీటర్లో రాసిపెట్టు, సాధారణంగా ఆడవాళ్లకు 21, మగవాళ్లకు 23. తర్వాత సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, పడిపోతే ట్యూబ్ జరిగిందా, మూసుకుపోయిందా, ఊపిరితిత్తి బయట గాలి చేరిందా, మెషీన్‌లో లోపమా అని వరసగా చూస్తారు. అన్నట్టు, ఊపిరి ఆగిన వెంటనే ఆ అంకె తగ్గదు, కాస్త వెనకబడి వస్తుంది. చేతులు చల్లబడితే అసలు నమ్మలేం.

డ్యూటీ ఎక్కగానే సక్షన్ స్విచ్ వేసి, గొట్టం అరచేతికి ఆనించి లాగుతోందో లేదో చూసుకో. ట్యూబ్ వేసేటప్పుడు గొంతులోకి చూసే లారింజోస్కోప్ తెరిచి లైటు వెలుగుతోందో చూడు. ముందు షిఫ్టువాళ్లు చూశామని చెప్పినా సరే. వాళ్లు నొచ్చుకుంటే నా పేరు చెప్పు.

మొదటి నైట్ డ్యూటీ అయ్యాక ఫోన్ చెయ్యి. నిద్రపోయి లేచాకే.

మీ పిన్ని