కన్యాశుల్కం: చూసిన నాటకానికీ చదివే పుస్తకానికీ పొంతన కుదరకపోతే

గురజాడ అప్పారావు నాటకం కన్యాశుల్కాన్ని వీడియోలో చూసి పుస్తకం పడితే రెండూ కుదరడం లేదని, పేజీలు పోయాయేమోనని, రెండో అంకం దాటలేకపోతున్నానని ఒకరు అడిగారు. వారికి నా జవాబు: మీరు చూసింది కుదించిన ప్రదర్శన అయ్యుంటుంది. 1909 నాటి ప్రతిలో ఏడు అంకాలున్నాయి. కోత లేకుండా ఆడితే గంటలకొద్దీ పడుతుంది కాబట్టి నాటక సమాజాలు రెండు మూడు గంటలకు తగ్గించుకుంటాయి. మీ పుస్తకంలో పేజీలేమీ పోలేదు. అయితే అది 1897 నాటి మొదటి కూర్పా, 1909దా అన్నది ముందు చూసుకోండి. రెండూ బాగా తేడా.

ఇక రెండో అంకంలోనే ఆగిపోతున్నానన్నారు. దానికి కారణం మౌనంగా చదవడం.

1. పైకి చదవండి. అందరూ వదిలేసేది ఇదే. ఆ రాత చెవి కోసం రాసింది: "యేవిటి", "వొచ్చాడు" లాంటివి కంటికి అడ్డం పడతాయి, నోటికి అడ్డం పడవు. గిరీశం తన శిష్యుడు వెంకటేశంతో పైకి అనేది ఒక గొంతుతో, తనలో అనుకునేది ఇంకో గొంతుతో చదవండి. హాస్యం సగం ఆ రెంటి మధ్యే ఉంది. మౌనంగా చదివితే రెండూ ఒకే మాటలా కలిసిపోతాయి.

2. పాత్రల్ని ఇళ్లవారీగా రాసుకోండి. అగ్నిహోత్రావధాన్లు ఇల్లు: వెంకమ్మ, బుచ్చమ్మ, సుబ్బి, వెంకటేశం. లుబ్ధావధాన్లు ఇల్లు: మీనాక్షి. మధురవాణికి మాత్రం విడిగా ఒక గీత గీయండి, ఆవిడ విజయనగరం నుంచి రామచంద్రపురం, చివరికి విశాఖపట్నం వెళ్తుంది.

3. ఒక అంకం చదివాకే వీడియోలో ఆ భాగం చూడండి. ఏ మాటలు కోశారో పుస్తకంలో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి.

సినిమాతో పోల్చకండి, అది వేరే లెక్క.