సరుగుడు తోటలో కాపురం

ప్రశ్న: బాపట్ల దగ్గర ఇసుక నేలలో మాకు రెండెకరాల సరుగుడు తోట ఉంది. నాటి మూడేళ్లయింది. పదవీ విరమణ తరువాత అందులోనే చిన్న ఇల్లు కట్టుకుని ఉందామనుకుంటున్నాం. ఏమేం చూసుకోవాలి?

జవాబు: నిక్షేపంగా ఉండండి, కానీ చెట్ల నడుమ కాదు. కోతకు వచ్చేసరికి సరుగుడు 40 అడుగులు దాటవచ్చు. తుపాను గాలికి ఇంటి మీద పడకుండా అంత దూరం వదలండి. నీడకు వాకిట్లో ఒక వేప చాలు.

గాలికన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది నిప్పు. రాలిన సూదులు పరుపులా పేరుకుంటాయి. వేసవిలో ఆరని బీడీ ముక్క ఒక్కటి పడితే చాలు. ఇంటి చుట్టూ, గట్ల వెంట వెడల్పాటి బాట తీసి, ఇసుక కనిపించేదాకా ఊడుస్తూ ఉండండి. ఆ సూదులు పొయ్యిలోకి పనికొస్తాయి. మా ఇంట్లో స్నానాల నీళ్లు కాగేది వాటితోనే. (మా ఆవిడకు ఆ పొగ వాసన ఇష్టం, నాకు దగ్గు.) తోట లోపల మాత్రం పూర్తిగా ఊడ్చేయకండి, నేలకు అదే ఎరువు.

ఉదయం నడకలో కాండాలను గమనించండి. పొట్టు అంటుకున్న గూడులాంటిది కనిపిస్తే అది బెరడు తినే పురుగు పని. గీకేసి, రంధ్రంలో కిరసనాయిలు తడిపిన దూది కూరి, మట్టితో మూయడం పాత పద్ధతి. నేనిప్పటికీ అదే చేస్తాను.

రెండెకరాలూ ఒకేసారి నరికితే ఇల్లు ఎండలో మిగులుతుంది. ఏటా అరెకరం చొప్పున నరికి, మళ్లీ నాటండి. జామాయిల్‌లా మోడు చిగురిస్తుందని ఆశపడకండి. అరెకరానికి లారీ పంపమని వ్యాపారి గునిస్తే, పొరుగు రైతు కోతతో కలిపి బేరమాడండి.